అప్పీల్ సరిగ్గా రానప్పుడు అంపైర్ ఎంతవరకు మాట్లాడవచ్చు?

స్కోరుపుస్తకం (తిరుపతి)

సభ్యులందరికీ నమస్కారం. తిరుపతిలో బడి పిల్లల సాఫ్ట్‌బాల్ పోటీకి స్కోరరుగా కూర్చున్నప్పుడు నా బల్ల ముందే మొదలై, ఆట ముగిశాక కూడా తెగని ఒక తగాదాను ఇక్కడ పెడుతున్నాను. బడుల పేర్లు, అంపైర్ పేరు మనకు అవసరం లేదు. జరిగిన తీరు చాలు.

అమ్మాయిల మ్యాచ్, ఆరో ఇన్నింగ్స్. అప్పటికి ఒక ఔట్ అయింది. రెండో బేస్ మీద ఒకరు, మూడో బేస్ మీద ఒకరు రన్నర్లు ఉన్నారు. బ్యాటర్ ఎత్తుగా కొట్టిన బంతిని సెంటర్ ఫీల్డర్ బాగా వెనక్కి వెళ్లి పట్టుకుంది. మూడో బేస్ మీదున్న అమ్మాయి క్యాచ్ అయ్యేదాకా బేస్ వదలకుండా నిలబడి, ఆ తర్వాత పరుగెత్తి హోం ప్లేట్ తాకింది. రెండో బేస్ మీదున్న అమ్మాయి మాత్రం బంతి ఇంకా గాలిలో ఉండగానే కదిలి మూడో బేస్ చేరుకుంది. క్యాచ్ అయ్యేదాకా రన్నర్ బేస్ వదలకూడదు; వదిలితే ఫీల్డింగ్ జట్టు అంపైర్‌ను అడిగితేనే ఔట్ వస్తుంది, అలా అడగడాన్నే అప్పీల్ అంటారు. బంతి క్యాచర్ దాకా వచ్చి, అక్కడి నుంచి పిచ్చర్ చేతికి వెళ్లాక ప్లేట్ అంపైర్ టైం ఇచ్చారు, అంటే ఆట ఆపారు. అప్పుడు సెంటర్ ఫీల్డర్ ఉత్త చేతులతో లోపలికి పరుగెత్తుకొచ్చి, "సార్, ఆ పాప ముందరే పరిగెత్తేసింది" అని చెప్పింది. అంపైర్ వెంటనే "ఎవరమ్మా, రెండో బేస్ నుంచి వచ్చిన అమ్మాయేనా?" అని అడిగారు. పక్కనే ఉన్న రెండో బేస్ ఫీల్డర్ "అవును సార్, ఆమే" అనగానే ఔట్ ఇచ్చేశారు.

బ్యాటింగ్ జట్టు కోచ్ రెండు అభ్యంతరాలు చెప్పారు. సెంటర్ ఫీల్డర్ లాగా బేస్‌లకు దూరంగా వెనుక నిలబడే ఔట్‌ఫీల్డర్‌కు ఆ స్థితిలో అప్పీల్ చేసే హక్కు లేదన్నది మొదటిది. ఏ రన్నరో, ఏ బేసో అంపైరే నోటికి అందించారన్నది రెండోది. ఇది చాలదన్నట్టు, మూడో ఔట్ అయింది కనుక ఆ పరుగు కూడా కొట్టేయమని ఫీల్డింగ్ జట్టు కోచ్ నా మీదికి వచ్చారు. అప్పీల్ సరైన పద్ధతిలో రానప్పుడు అంపైర్ చెవిన పడనట్టు ఊరుకోవాలా, సరిదిద్దాలా, లేక తిరస్కరించినట్టు చేయి చాపి సేఫ్ (ఔట్ కాదని) చూపాలా? అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

అలిపిరి అంపైర్

స్కోరుపుస్తకం గారూ, పరుగు విషయం తేలిక కనుక ముందు దానిని ముగిస్తాను. క్యాచ్ కంటే ముందు బేస్ వదిలినందుకు అప్పీల్ మీద వచ్చే ఔట్ ఫోర్స్ ఔట్ (వెనుకవారికి చోటివ్వడానికి తర్వాతి బేస్‌కు పోక తప్పని రన్నర్ ఔటవడం) కాదు. మూడో ఔట్ ఫోర్స్ వల్ల వచ్చినా, బ్యాటర్ మొదటి బేస్ చేరకముందే వచ్చినా అప్పటికి హోం దాటిన పరుగులు చెల్లవు. మీరు చెప్పిన ఆటలో ఆ రెండూ లేవు. ఔటైన రన్నర్‌కు వెనుక ఉన్నవారి పరుగులు పోతాయి గానీ, ఆమె కంటే ముందుండి, అప్పీల్‌కు ముందే హోం తాకిన రన్నర్‌కు ఆ దోషం అంటదు. ఔట్ నిలిచినా నిలవకపోయినా ఆ పరుగు మీ షీట్‌లో ఉండవలసిందే.

అసలు ప్రశ్నకు వస్తాను. నా దృష్టిలో అంపైర్ ముందుకు వచ్చే మాటలు మూడు రకాలు. అప్పీలే కానివి మొదటి రకం: బంతి చేతిలో ఉన్న ఫీల్డర్ ఏ ఉద్దేశమూ లేకుండా బేస్ తొక్కడం, డగౌట్‌లో (ఆటగాళ్లు కూర్చునే చోట) ఎవరో కేకలు వేయడం వంటివి. వీటికి సంజ్ఞ చేయకూడదు, మాట పలకకూడదు. బేస్‌బాల్ నియమావళిలో ఈ సంగతి విడిగానే ఉంది. అప్పీల్ అన్నది నోటితో అడగడం ద్వారా గానీ, పొరబడడానికి వీల్లేని చేష్ట ద్వారా గానీ తెలియాలి, యాదృచ్ఛికంగా బేస్ మీద కాలు పడితే అది అప్పీల్ కాదు. అప్పీలే కానీ అసంపూర్ణంగా ఉన్నది రెండో రకం: "ఆమె ముందే పోయింది" అన్నారు, ఎవరో చెప్పలేదు. ఇక్కడ అంపైర్ అడగవచ్చు, అయితే ఆ ప్రశ్నలో జవాబు ఉండకూడదు. "ఏ రన్నర్? ఏ బేస్?" అన్నంతవరకే. మీ మ్యాచ్‌లోని అంపైర్ "రెండో బేస్ నుంచి వచ్చిన అమ్మాయేనా?" అన్నారు. ఆ క్షణంలో కదిలిన రన్నర్లు ఇద్దరున్నారు. వారిలో తప్పు చేసింది ఎవరో తాను చూశానని ఆయన ఆ ప్రశ్నతోనే మైదానానికంతా చెప్పేశారు. బ్యాటింగ్ కోచ్ రెండో అభ్యంతరం న్యాయమైనదే.

మూడో రకం పూర్తిగా స్పష్టంగా ఉండి, పద్ధతి తప్పినది: అర్హత లేనివారు అడగడం, బంతి ఆటలో లేనప్పుడు లైవ్ అప్పీల్ (బంతి ఆటలో ఉండగా బేస్ తొక్కి అడిగేది) చేయబోవడం, గడువు దాటాక అడగడం. దీనిని తిరస్కరించాలి గానీ సేఫ్ అని చేతులు చాపకూడదు. సేఫ్ అంటే ఆ రన్నర్ బేస్‌ను సరిగ్గానే తాకిందని తీర్పు ఇచ్చినట్టు. ఒకే రన్నర్ మీద, ఒకే బేస్ దగ్గర మళ్లీ మళ్లీ అప్పీల్ చేయడానికి వీల్లేదు కనుక, తీర్పు ఇవ్వకూడని చోట సేఫ్ చూపితే ఆ జట్టు తర్వాత సరైన పద్ధతిలో అడిగే హక్కును మనమే లాగేసుకున్నట్టవుతుంది.

ఔట్‌ఫీల్డర్ హక్కు మాత్రం మీ పోటీ ఏ నియమావళి ప్రకారం జరిగిందన్న దాని మీద ఆధారపడుతుంది. అమెరికా సాఫ్ట్‌బాల్ సంస్థ నియమాల ప్రకారం, రన్నర్ల కదలిక ఆగి టైం ఇచ్చాక పిచ్చర్, క్యాచర్ సహా ఇన్‌ఫీల్డర్లలో (బేస్‌ల దగ్గర నిలబడేవారిలో) ఎవరైనా, చేతిలో బంతి ఉన్నా లేకున్నా, నోటితో అప్పీల్ చేయవచ్చు. అమెరికా హైస్కూలు బేస్‌బాల్‌లో ఇంకా వెసులుబాటు ఉంది, కోచ్ కూడా అడగవచ్చు. ఒక పుస్తకం చదివిన కోచ్, మరో పుస్తకం చదివిన అంపైర్ ఒకే మైదానంలో దిగితే ఇద్దరూ నిజాయితీగానే కొట్లాడుకుంటారు.

చిత్తూరు క్యాచర్

అలిపిరి గారి వివరణ బాగుంది గానీ, మన పిల్లలు ఆ ఔట్‌ఫీల్డర్ లాగా ఎందుకు అడుగుతారో కూడా చూడాలి. వాళ్లు క్రికెట్ చూస్తూ పెరిగినవాళ్లు. క్రికెట్ 31వ నియమం ప్రకారం ఫీల్డర్ అడగనిదే అంపైర్ ఔట్ ఇవ్వకూడదు. అంతవరకు రెండు ఆటలకూ పోలిక ఉంది. కానీ అక్కడ "హౌజ్ దట్" అన్న ఒక్క కేక అన్ని రకాల ఔట్లకూ సరిపోతుంది. ఎల్బీడబ్ల్యూ కోసం అరిస్తే, బంతి బ్యాట్ అంచుకు తగిలి క్యాచ్ అయిందని గుర్తించిన అంపైర్ క్యాచ్ కింద ఔట్ ఇవ్వవచ్చు, ఏ కారణానికి అడిగారన్న విచారణ ఉండదు. బౌలర్ తర్వాతి బంతికి పరుగు మొదలుపెట్టేలోగా అడిగితే చాలు. మెసానికల్ మైదానంలో ఉదయమంతా క్రికెట్ ఆడిన పిల్లవాడిని సాయంత్రం గ్లవ్ తొడిగి నిలబెడితే, వాడు "సార్, ఔట్!" అని అరిచి అంపైర్ అన్నీ చూసుకుంటారని అనుకుంటాడు.

కాబట్టి నా ప్రశ్న ఇది. పిల్ల నోటి నుంచి వచ్చిన మాటలో ఉద్దేశం స్పష్టంగా ఉంది: క్యాచ్ కంటే ముందు బేస్ వదిలిన రన్నర్ మీద ఆమె ఫిర్యాదు చేస్తోంది. మూడో బేస్ మీదికి వేలు చూపి ఉంటే పేరు, బేస్ చెప్పకపోయినా అది చాలదా?

అలిపిరి అంపైర్

వేలు చూపితే చాలు. పొరబడడానికి వీల్లేని చేష్ట అంటే అదే. మాట తెలుగులో ఉందా, తమిళంలో ఉందా అన్నది కూడా అనవసరం. నగరి, సత్యవేడు వైపు పిల్లలు రెండూ కలిపి మాట్లాడతారు, అర్థమైతే సరిపోతుంది. అయితే వేలు చూపింది ఎవరు, ఎవరి వైపు అన్నది అంపైర్ చూసి ఉండాలి. ఇక్కడ స్కోరుపుస్తకం గారు రాసినదాన్ని బట్టి ఆ పాప ఎవరినీ చూపలేదు. "ఆ పాప" అన్న మాట హోం తాకిన అమ్మాయికైనా వర్తించవచ్చు.

మరొక సంగతి. ఆ రెండో బేస్ ఫీల్డర్ ఇన్‌ఫీల్డర్ కనుక ఆమె అప్పీల్ చేయడానికి అర్హురాలే. అంపైర్ "ఏ రన్నర్?" అని మాత్రమే అడిగి, ఆమె తనంతట తాను "రెండో బేస్ నుంచి వచ్చిన రన్నర్, బేస్ ముందే వదిలింది" అని చెప్పి ఉంటే ఔట్‌ఫీల్డర్ గొడవే ఉండేది కాదు. ఔట్ సరైనదే కావచ్చు, కానీ అక్కడికి చేరిన దారి సరికాదు.

పుత్తూరు షార్ట్‌స్టాప్

నేను సాఫ్ట్‌బాల్ కంటే బేస్‌బాల్ ఎక్కువ ఆడాను కనుక ఆ వైపు నుంచి కొంత చేర్చదలచాను. మన దగ్గర రెండు ఆటలకూ ఒకే అంపైర్లు నిలబడడం మామూలే, అందువల్ల ఒక ఆట అలవాటు మరో ఆటలోకి జారుతుంది. వృత్తి బేస్‌బాల్ పాటించే అధికారిక నియమావళిలో డెడ్ బాల్ అప్పీల్ (ఆట ఆగి ఉండగా అడగడం) లేదు. టైం ఇచ్చి ఉంటే, పిచ్చర్ బంతి పట్టుకుని రబ్బరు (పిచ్చర్ బంతి వేసే పలక) మీద నిలబడాలి, ప్లేట్ అంపైర్ "ప్లే" అనాలి, అప్పుడే బంతి ఆటలోకి వస్తుంది. ఆ తర్వాత పిచ్చర్ కాలు రబ్బరు వెనక్కి తీసి, సంబంధిత బేస్‌కు బంతి వేస్తే, అక్కడి ఫీల్డర్ బేస్ తొక్కి ఏ రన్నర్ మీద అడుగుతున్నాడో చెబుతాడు. ఈ తతంగం జరుగుతున్నంత సేపూ మిగతా రన్నర్లు పరుగెత్తవచ్చు.

అందులోనే అసలు చిక్కంతా ఉంది. మొదటి బేస్ రన్నర్ ఉన్నట్టుండి రెండో బేస్‌కు పరుగు తీశాడనుకోండి. పిచ్చర్ అప్పీల్ మరచి అతనిని పట్టడానికి బంతి విసిరితే అది ఆటే, అంతటితో అప్పీల్ హక్కు పోతుంది. అప్పీల్ చేస్తూ పిచ్చర్ బాక్ (నియమం ఒప్పుకోని కదలిక) చేసినా అంతే. బంతిని బేస్‌కు వేయబోయి మైదానం దాటి బయటికి విసిరేస్తే, ఆ రన్నర్ మీద ఆ బేస్ దగ్గర రెండోసారి అడగడానికి వీల్లేదు. కానీ అప్పీల్ కోసం వేసిన బంతి మాత్రం ఆట కింద లెక్కకు రాదు. మూడో బేస్ దగ్గర ఒక రన్నర్ మీద అడిగి, సేఫ్ అనిపించుకుని, ఆ తర్వాత రెండో బేస్ దగ్గర ఇంకొకరి మీద అడగవచ్చు. కొత్త అంపైర్లు చాలామంది "ఒకసారి అడిగేశారు, అయిపోయింది" అని రెండోదాన్ని తోసిపుచ్చుతుంటారు.

టైంలో ఉండగా బేస్‌బాల్ ఫీల్డర్ బేస్ తొక్కి అప్పీల్ అన్నప్పుడు అంపైర్ ఏమనాలి? నేను చూసిన మంచి అంపైర్లు "టైం ఉంది" అని రెండు ముక్కలు మాత్రం చెప్పేవారు. అది బంతి స్థితి గురించిన సమాచారం, అందరికీ సమానంగా తెలియవలసినది. "ముందు ప్లే పెట్టించుకో, తర్వాత మూడో బేస్‌కు వెయ్యి" అని వివరిస్తే కోచింగ్ అవుతుంది.

కార్వేటినగరం పీఈటీ

అందరికీ నమస్కారం. పెద్దలు ఇంత వివరంగా రాశాక నేను వ్యతిరేకంగా రాయడం సాహసమే అయినా, బడి మైదానంలో నిలబడే మనిషిగా ఒక మాట చెప్పక తప్పదు. మీరంతా పెద్దల పోటీల ప్రమాణంతో మాట్లాడుతున్నారు. ఎస్‌జీఎఫ్ఐ (పాఠశాల క్రీడల సమాఖ్య) అండర్-14 ఎంపికలకు వచ్చే పిల్లల్లో చాలామందికి నియమావళి పుస్తకం ఎలా ఉంటుందో తెలియదు; గ్లవ్‌లే నలుగురికి రెండు ఉంటాయి. 2022లో జిల్లా విడిపోయి చిత్తూరు, తిరుపతి వేరయ్యాక రెండు చోట్లా జట్లు ఏర్పడ్డాయి గానీ, శిక్షణ పొందిన అంపైర్లు అందుకు తగ్గట్టు పెరగలేదు. ఇటువంటి చోట పన్నెండేళ్ల పాపతో "నీ అప్పీల్ అసంపూర్ణం" అని మౌనంగా నిలబడితే ఆ పాప నేర్చుకునేది ఏముంది? అంపైర్ ఒక్క వాక్యం సాయం చేసి, సరైన ఔట్ సరిగ్గా వచ్చేలా చూస్తే ఆటకు మేలే జరుగుతుందని నా అభిప్రాయం. రన్నర్ తప్పు చేసిన మాట వాస్తవమే కదా.

అలిపిరి అంపైర్

పీఈటీ గారూ, మీ ఆవేదన నాకు అర్థమవుతుంది గానీ, ఒప్పుకోలేను. ఆ మైదానంలో పన్నెండేళ్ల పాపలు రెండు వైపులా ఉన్నారు. ఫీల్డింగ్ జట్టు పాపకు మీరు చేసే సాయం మూడో బేస్ మీద నిలబడ్డ మరో పాపకు చేసే నష్టమే. నియమం అప్పీల్‌ను ఫీల్డింగ్ జట్టు బాధ్యతగా పెట్టడానికి కారణమే అది: గమనించిన జట్టుకు ఔట్ దక్కుతుంది, గమనించని జట్టుకు దక్కదు. రన్నర్ తప్పును అంపైర్ బయటపెట్టాలన్నదే నియమకర్తల ఉద్దేశమైతే అప్పీల్ అవసరం లేకుండానే ఔట్ ఇమ్మని రాసి ఉండేవారు. అలా రాసిన సందర్భం సాఫ్ట్‌బాల్‌లో ఉంది కూడా. ఫాస్ట్‌పిచ్‌లో (బంతిని వేగంగా వేసే రకం సాఫ్ట్‌బాల్‌లో) బంతి పిచ్చర్ చేయి వదలకముందే రన్నర్ బేస్ వదిలితే అంపైర్ స్వయంగా డెడ్ బాల్ అని ఆ రన్నర్‌ను ఔట్ ఇస్తారు, ఎవరూ అడగనవసరం లేదు. క్యాచ్ కంటే ముందు బేస్ వదలడం మాత్రం అప్పీల్ మీదే తేలుతుంది. చూడ్డానికి రెండూ తొందరపడి కదలడమే కనుక వీటిని కలగాపులగం చేసి, ఒకదానికి ఎదురుచూడడం, మరొకదానికి తొందరపడడం మన వైపు తరచుగా జరుగుతోంది.

పిల్లలకు నేర్పవలసిన చోటు మ్యాచ్‌కు ముందు ఉంది, మ్యాచ్ తర్వాత ఉంది.

పలమనేరు ప్రేక్షకుడు

ఆడినవాడిని కాదు, చదివినవాడిని మాత్రమే. అయినా ఈ చర్చ చదువుతుంటే 1908 నాటి న్యూయార్క్ గొడవ గుర్తుకు వస్తోంది. ఆ ఏడాది సెప్టెంబరు 23న పోలో గ్రౌండ్స్‌లో జెయింట్స్, కబ్స్ బేస్‌బాల్ జట్ల మ్యాచ్. తొమ్మిదో ఇన్నింగ్స్ రెండో సగం, స్కోరు 1–1, రెండు ఔట్లు, మొదటి బేస్ మీద ఫ్రెడ్ మెర్కల్, మూడో బేస్ మీద మెకార్మిక్. బ్రిడ్‌వెల్ హిట్ కొట్టగానే మెకార్మిక్ హోం చేరాడు, ప్రేక్షకులు మైదానంలోకి ఉరికారు, మెర్కల్ రెండో బేస్ దాకా వెళ్లకుండా మధ్యలోనే క్లబ్‌హౌస్ వైపు తిరిగిపోయాడు. కబ్స్ రెండో బేస్ ఫీల్డర్ జానీ ఎవర్స్ బంతి తెప్పించి బేస్ తొక్కాడు. అంపైర్ హ్యాంక్ ఓడే ఔట్ ఇచ్చి పరుగును రద్దు చేశాడు, మ్యాచ్ డ్రాగా మిగిలింది. అక్టోబరు 8న తిరిగి ఆడిన మ్యాచ్‌లో కబ్స్ 4–2తో గెలిచి, ఒకే ఒక్క మ్యాచ్ తేడాతో నేషనల్ లీగ్‌ను, ఆ తర్వాత వరల్డ్ సిరీస్‌ను కూడా అందుకుంది. ఎవర్స్ చేతిలో ఉన్నది అసలు ఆటలోని బంతేనా కాదా అన్న వివాదం ఇప్పటికీ తెగలేదు.

నాకు దీనికంటే ఆసక్తిగా అనిపించేది దీనికి మూడు వారాల ముందటి ముచ్చట. సెప్టెంబరు 4న పిట్స్‌బర్గ్‌లో వారెన్ గిల్ అనే రన్నర్ అచ్చం ఇలాగే రెండో బేస్ తాకకుండా వెళ్లిపోయాడు, అప్పుడూ ఎవర్స్ అడిగాడు, అప్పుడూ అంపైర్ ఓడేనే. కానీ ఆయన ఆ రన్నర్‌ను చూడలేదు కనుక ఔట్ ఇవ్వలేదు, కబ్స్ ప్రొటెస్ట్ (తీర్పు మీద ఇచ్చే అధికారిక ఫిర్యాదు) నెగ్గలేదు. ఒకే అంపైర్ రెండుసార్లు వేర్వేరు తీర్పులు ఇచ్చాడని కొందరు ఆక్షేపిస్తారు. చూడనిదానికి ఔట్ ఇవ్వకపోవడం, చూసినదానికి ఇవ్వడం తప్పెలా అవుతుంది?

పుత్తూరు షార్ట్‌స్టాప్

ప్రేక్షకుడు గారూ, నియమం ప్రకారం మెర్కల్‌ది ఫోర్స్ ఆట, అందుకే ఆ పరుగు రద్దయింది. మన స్కోరుపుస్తకం గారి మ్యాచ్‌లో పరుగు నిలిచింది కూడా ఇది ఫోర్స్ కాకపోవడం వల్లే. అయితే మీ గిల్ ముచ్చట ఈ చర్చకు అతికినట్టు సరిపోయింది. పద్ధతి ప్రకారం అప్పీల్ వచ్చి, అంపైర్ ఆ బేస్‌ను చూసి ఉండకపోతే సేఫ్ అని చెప్పడం తప్ప గత్యంతరం లేదు.

చూడకపోయినా చూసినట్టు రుజువు తెచ్చుకున్న సందర్భం ఒకటి ఉంది. 1983 జూలై 24న యాంకీ స్టేడియంలో జార్జ్ బ్రెట్ కొట్టిన హోం రన్‌ను, బ్యాట్‌కు పైన్ తారు (పట్టు కోసం పూసే జిగురు) ఎక్కువ ఎత్తు దాకా పూశాడని అంపైర్ రద్దు చేసిన సంగతి చాలామందికి తెలుసు. అమెరికన్ లీగ్ అధ్యక్షుడు లీ మెక్‌ఫెయిల్ బ్రెట్ జట్టు రాయల్స్ ప్రొటెస్ట్‌ను అంగీకరించడంతో ఆగస్టు 18న మ్యాచ్ అక్కడి నుంచే కొనసాగింది. ఆ రోజు దిగిన అంపైర్లు వేరు. యాంకీస్ మేనేజర్ బిల్లీ మార్టిన్ అదే అదనుగా, మొదటి పిచ్‌కు ముందే బ్రెట్ మొదటి బేస్ తాకలేదని అప్పీల్ చేయించాడు, ఆ తర్వాత రెండో బేస్ దగ్గర కూడా చేయించాడు. జూలైలో ఆ మైదానంలో లేని అంపైర్లు ఏమని తీర్పు ఇస్తారని ఆయన ధీమా. సేఫ్ అన్నారు. మార్టిన్ ఎదురు తిరగగానే అంపైర్ డేవ్ ఫిలిప్స్ జేబులోంచి కాగితం తీశాడు: రన్నర్లు అన్ని బేస్‌లూ తాకారని జూలై నాటి అంపైర్లు సంతకం చేసిన అఫిడవిట్ అది. పోటీ నిర్వహణలో అంత ముందుచూపు నాకు మరెక్కడా కనిపించలేదు.

స్కోరుపుస్తకం (తిరుపతి)

అందరికీ ధన్యవాదాలు. పరుగును నేను షీట్‌లో ఉంచాను, అది నిలిచింది. పీఈటీ గారి మాటకు నా బల్ల వైపు నుంచి ఒక చేర్పు. బ్యాటింగ్ వరుస తప్పినప్పుడు కూడా ఇదే సమస్య వస్తుంది. ఎవరి తర్వాత ఎవరు దిగాలో నా ముందున్న లైనప్ కార్డులో ఉంటుంది కనుక తప్పు అందరికంటే ముందు నాకే తెలుస్తుంది. నా పక్కన కూర్చున్న ఉపాధ్యాయుడు ఒకరు అలవాటు కొద్దీ "ఆమె కాదు, ఏడో నంబరు రావాలి" అని గట్టిగా అరుస్తుంటారు. బేస్‌బాల్ నియమావళి ఈ విషయంలో ఎంత కఠినమంటే, తప్పు బ్యాటర్ నిలబడిందని అంపైర్ ఎవరి దృష్టికీ తేకూడదు, స్కోరర్ కూడా తేకూడదు.

బ్యాటర్ వంతు ఇంకా ముగియకముందే ఏ జట్టు గుర్తించినా సరైన బ్యాటర్ వచ్చి, అప్పటికి పడిన బాల్స్, స్ట్రైక్స్ లెక్కతో కొనసాగుతుంది. వంతు ముగిశాక, తర్వాతి పిచ్ పడకముందు ఫీల్డింగ్ జట్టు అడిగితే, రావలసి ఉండి రాని బ్యాటర్ ఔట్. తప్పు బ్యాటర్ సాధించినదంతా చెల్లదు. పిచ్ పడిపోతే తప్పు బ్యాటరే సరైన బ్యాటర్ అయిపోతుంది, వరుస ఆమె తర్వాత నుంచి సాగుతుంది. ఇక్కడ కూడా ఫీల్డింగ్ కోచ్‌లు ఔట్ కావలసిన మనిషిని తప్పుగా చెబుతారు; ఎదురుగా బేస్ మీద నిలబడ్డ తప్పు బ్యాటర్‌ను ఔట్ ఇమ్మంటారు. అలా అడిగితే అది పద్ధతి తప్పిన అప్పీలా, లేక అప్పీల్ సరైనదేనా?

అలిపిరి అంపైర్

అప్పీల్ సరైనదే. వరుస తప్పిందని, పిచ్‌కు ముందు, అడగవలసినవారు అడిగారు. ఏ శిక్ష పడాలన్నది అంపైర్ పని, ఆ కోచ్ తప్పుగా ఊహించినంత మాత్రాన హక్కు పోదు. సరైన బ్యాటర్‌ను ఔట్ ఇచ్చి, బేస్ మీది అమ్మాయిని దించి, తర్వాతి బ్యాటర్‌ను పిలవాలి. బేస్ విషయంలో అలా కాదు. ఏ రన్నర్, ఏ బేస్ అన్నది అడిగేవారే చెప్పాలి, తప్పు రన్నర్‌ను చెబితే ఆ రన్నర్ మీదే తీర్పు ఇచ్చి ఊరుకోవాలి. నిజంగా తప్పు చేసిన రన్నర్ మీద వారు తర్వాతి పిచ్‌లోగా మళ్లీ అడిగితే అది కొత్త అప్పీల్.

చిత్తూరు క్యాచర్

క్యాచర్‌గా హోం ప్లేట్ సంగతి ఒకటి అడగాలి. రన్నర్ జారుతూ వచ్చి ప్లేట్ తాకలేదు, నేనూ ట్యాగ్ చేయలేకపోయాను, అంటే బంతితో అతనిని తాకలేకపోయాను. అంపైర్ ఏ సంజ్ఞా చేయకుండా నిలబడ్డారు. ఆ మౌనం వల్లే ప్లేట్ తాకలేదని నాకు అర్థమై, వెనక్కి తిరిగి ట్యాగ్ చేశాను. బ్యాటింగ్ కోచ్ "మీ మౌనమే అతనికి సైగ" అని అంపైర్ మీద విరుచుకుపడ్డారు. మౌనం కూడా సాయమే కదా అని పీఈటీ గారు వాదించవచ్చు.

కార్వేటినగరం పీఈటీ

వాదించను. ఆ స్థితిలో సేఫ్ చూపితే తాకినట్టు, ఔట్ చూపితే ట్యాగ్ అయినట్టు అర్థం. రెండూ జరగనప్పుడు రెండూ చూపకపోవడమే నిజం చెప్పడం. ఆ మౌనం నుంచి మీరు తెలుసుకున్నది రన్నర్ కూడా తెలుసుకుని ప్లేట్ తాకి ఉండవచ్చు. రెండు జట్లకూ సమానంగా అందిన సమాచారమది. అలిపిరి గారు చెప్పిన "ఏ రన్నర్? ఏ బేస్?" ప్రశ్నను కూడా నేను ఇదే కోవలో చేర్చి ఒప్పుకుంటున్నాను. అయితే అండర్-14 విషయంలో నా పట్టు పూర్తిగా వదలలేదు. ఔట్‌ఫీల్డర్ అడిగిందని ఆ వయసు పిల్లల అప్పీల్‌ను తోసిపుచ్చడం నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. మైదానంలో ఉన్న ఏ ఫీల్డర్ అయినా అడగవచ్చని మా మండల స్థాయి పోటీలకు ముందుగానే రాసి పెట్టి, రెండు జట్ల కోచ్‌ల చేత సంతకం చేయిస్తే ఎవరికీ అభ్యంతరం ఉండదనుకుంటాను.

అలిపిరి అంపైర్

అలా ముందే రాసుకుంటే నాకూ అభ్యంతరం లేదు. ఆట మధ్యలో దయతలచి ఇవ్వడం వేరు, ఆటకు ముందు ఇద్దరికీ సమానంగా ఇవ్వడం వేరు. ఆ కాగితంలో ఇంకో మూడు సంగతులు కూడా చేర్చండి. ఏ నియమావళి ప్రకారం ఆడుతున్నారో స్పష్టంగా రాయాలి. ఇద్దరు అంపైర్లలో ఎవరు ఏ బేస్ చూస్తారో వారు టాస్‌కు ముందే మాట్లాడుకోవాలి, లేదంటే గిల్ ముచ్చటే మళ్లీ జరుగుతుంది. గడువు కూడా రాయాలి: ఇన్నింగ్స్ మధ్యలో అయితే తర్వాతి పిచ్‌లోగా, మూడో ఔట్ తర్వాత అయితే పిచ్చర్, ఇన్‌ఫీల్డర్లు అందరూ ఫెయిర్ టెరిటరీ (రెండు ఫౌల్ గీతల మధ్య మైదానం) దాటి డగౌట్ వైపు వెళ్లిపోయేలోగా. మూడో ఔట్ కాగానే మన పిల్లలు నీళ్ల కోసం ఒకేసారి పరుగెత్తుతారు, వాళ్లను ఒక నిమిషం నిలబెట్టడం కోచ్ పని.

స్కోరుపుస్తకం (తిరుపతి)

ప్రొటెస్ట్ సంగతి కూడా ఆ కాగితంలో ఒక వాక్యం పెట్టండి. మా మ్యాచ్‌లో బ్యాటింగ్ కోచ్ ఆట అయ్యాక రాతపూర్వకంగా ఇస్తానన్నారు. తర్వాతి పిచ్ పడకముందే అంపైర్‌కు చెప్పి నా షీట్‌లో నమోదు చేయించి ఉండవలసింది. రన్నర్ నిజంగా ముందే కదిలిందా అన్నది అంపైర్ కళ్లకు సంబంధించిన విషయం, దాని మీద ప్రొటెస్ట్ చెల్లదు. అడగకూడనివారు అడిగితే ఔట్ ఇచ్చారన్నది నియమానికి సంబంధించినది, దాని మీద చెల్లుతుంది. పీఈటీ గారూ, ఆ కాగితం సిద్ధమయ్యాక ఇక్కడ పెడితే మా వైపు పోటీలకు కూడా వాడుకుంటాం.